బీపీ మాత్రతో ఫిట్స్ తగ్గుతాయా, పెరుగుతాయా?

ప్రశ్న: మా నాన్నగారికి మూర్ఛ వ్యాధి ఉంది. లెవెటిరాసెటామ్ వాడుతున్నారు, రెండేళ్లుగా ఫిట్స్ రాలేదు. ప్రోస్టేట్ ఇబ్బందికీ బీపీకీ కలిపి ఈమధ్య డాక్సజోసిన్ రాశారు. ఈ రకం ఆల్ఫా బ్లాకర్లు మూర్ఛను తగ్గిస్తాయని ఒకచోట, పెంచుతాయని ఇంకోచోట చదివాను. ఏది నమ్మాలి?

జవాబు: రెండు మాటలకూ మూలం జంతువులపై చేసిన ప్రయోగాలే. ఈ మందులు అడ్డుకునే ఆల్ఫా-1 గ్రాహకాల్లో (కణాలపై రసాయన సంకేతాలు అందుకునే భాగాల్లో) ఎ, బి, డి అని మూడు రకాలున్నాయి. బి రకం అతిగా పనిచేసేలా పుట్టించిన ఎలుకలకు ఫిట్స్ వచ్చాయని, ఇదే రకం మందు టెరజోసిన్ ఇస్తే వ్యాధి లక్షణాలు కొంత తగ్గాయని 2000లో వెల్లడైంది. ఎ రకం తీరు వేరు. మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలో ఉద్రేకాన్ని అణిచే నాడీకణాలను అది చురుకు చేస్తుంది, అంటే ఫిట్స్‌కు అడ్డుకట్ట వేస్తుంది. డాక్సజోసిన్ ఈ తేడా చూడదు, మూడింటినీ మూసేస్తుంది. అందుకే ఎలుకల ఫలితాన్ని పట్టుకుని దీన్ని ఫిట్స్ మందు అనుకోకండి. లెవెటిరాసెటామ్ ఒక్క పూట కూడా మానకూడదు.

అసలు జాగ్రత్తంతా పడిపోవడం దగ్గరే. డాక్సజోసిన్ రోజుకు 1 మిల్లీగ్రాముతో మొదలుపెడతారు. మాత్ర వేసుకున్న 2 నుంచి 6 గంటల మధ్య, లేచి నిలబడగానే బీపీ బాగా పడిపోవచ్చు. కళ్లు చీకట్లు కమ్మి, ముఖం పాలిపోయి కూలిపోతారు. అప్పుడు చేతులు కాళ్లు కొన్ని సెకన్లు కొట్టుకుంటాయి కూడా. 1994లో ఆరోగ్యవంతులకు కావాలని స్పృహ తప్పించి చూస్తే, 42 మందిలో 38 మందికి ఇలాగే అయింది. దీన్ని ఫిట్స్ అనుకుని మూర్ఛ మందు పెంచితే మగత ఎక్కువై ఇంకా పడతారు. బీపీ పడిపోయి స్పృహ తప్పినవారు పడుకోబెట్టగానే నిమిషంలోపు తేరుకుని సరిగ్గా మాట్లాడతారు. నాలుక పక్క భాగం కొరుక్కుని, చాలాసేపు అయోమయంగా ఉంటే ఫిట్స్‌నే అనుమానించాలి.

ఇంట్లో 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, నిలబెట్టి 1, 3 నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరుకు చెప్పండి. కొన్ని రోజులు మాత్ర మానేసి ఉంటే పాత మోతాదు వెంటనే వేయవద్దు; మళ్లీ 1 మిల్లీగ్రాముతోనే మొదలుపెట్టాలి. రాత్రి మూత్రానికి లేచినప్పుడు ముందు మంచం అంచున కాసేపు కూర్చోవాలి, మూత్రం కూడా కూర్చునే పోయాలి.