నంది కొండ నుంచి ఫ్రాన్స్ కొండలకు

ప్రశ్న: ప్రతి ఆదివారం బెంగళూరు నుంచి నంది కొండకు సైకిల్ మీద వెళ్తుంటాను. జూన్‌లో మా అబ్బాయి దగ్గరికి ఫ్రాన్స్ వెళ్తున్నాను. అక్కడి కొండ పల్లెల్లో ఒక్కదాన్నే తొక్కాలని ఉంది. రద్దీ లేని దారులు ఎలా తెలుస్తాయి?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం

జవాబు: నంది ఎక్కిన కాళ్లకు భయం లేదమ్మా. టైర్ల కంపెనీ మిషెలిన్ వాళ్ల 1:2,00,000 కాగితం మ్యాప్ (ఒక సెంటీమీటరుకు రెండు కిలోమీటర్లు) కొనండి. ఎర్ర గీతలు వదిలేయండి. సన్నటి పసుపు, తెల్ల గీతలే మన దారులు. వాటి మీద చిన్న బాణాలు ఉంటాయి, మొన ఎటుంటే అటు ఎక్కుడు. ఒక బాణమైతే 5 నుంచి 9 శాతం వాలు, రెండైతే 13 దాకా. మూడు కనిపిస్తే నేనైతే వేరే దారి చూసుకుంటాను.

ఊరి బయట కారు సైకిల్‌ను దాటేటప్పుడు మీటరున్నర ఎడం వదలాలని అక్కడి చట్టం. కాబట్టి ఆ టెన్షన్ వద్దు. నీళ్ల సంగతే చూసుకోవాలి. దక్షిణ ఫ్రాన్స్‌లోని సెవెన్ (Cévennes) కొండల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం నా సీసా ఖాళీ అయింది, ఊళ్లో కొట్లన్నీ మూసేశారు. చివరికి శ్మశానం గేటు పక్కన, పూలకుండీలకు నీళ్లు పట్టుకునే కుళాయి దొరికింది. చల్లటి నీళ్లు, ప్రాణం లేచొచ్చింది! కుళాయి మీద ‘నాన్ పొటాబ్ల్’ అని రాసుంటే మాత్రం తాగకండి.