ఇల్లు నడిపే నాన్న సినిమా ఏది? (సమాధానం)

నాన్న ఇల్లు నడిపే సినిమా, అందులో ఆడవేషం కూడా ఉంటుంది, ఎంత వెతికినా దొరకట్లేదు, పేరేంటని అడిగారు కదా. మీరు రెండు సినిమాలు కలిపేసుకున్నారు, అందుకే దొరకట్లేదు. ఉద్యోగం పోయిన నాన్న, ఆఫీసుకెళ్లే అమ్మ, హడలెత్తించే వాక్యూమ్ క్లీనర్ అన్నారు కదా, అది 1983 నాటి హాలీవుడ్ సినిమా 'మిస్టర్ మామ్'. హీరో మైకేల్ కీటన్. మీరు చెప్పిన ఆడవేషం 1993లో వచ్చిన 'మిసెస్ డౌట్‌ఫైర్'లోది. కమల్ హాసన్ 'భామనే సత్యభామనే'కి స్ఫూర్తి అదే.

1. వెతికేటప్పుడు 'ఆడవేషం' అనే మాట తీసేయండి.
2. పేరు పక్కన 1983 అని తప్పకుండా కొట్టండి. చాలామంది వదిలేసేది ఇదే. అదే పేరుతో 2019లో ఒక సిరీస్ కూడా వచ్చింది, పొరపాటున అది పెట్టుకుని కూర్చుంటారు.
3. డెట్రాయిట్‌లో కార్ల ఇంజినీరు, దుప్పటి వదలని చిన్నోడు కనిపిస్తే సరైనదే. ఆ దుప్పటి సీను మాత్రం మిస్సవకండి.