పంచాయతీలను కలిపే పనికి దిగుతున్న మేనల్లుడికి

చిరంజీవి అబ్బాయికి అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి, మన గోదావరి డెల్టా పంచాయతీలు ఒకదానితో ఒకటి సమాచారం ఇచ్చిపుచ్చుకునే నెట్‌వర్క్ కడతానంటున్నావని అన్నయ్య ఫోనులో చెప్పాడు. నీ ప్రణాళిక కాగితాలు కూడా పంపాడు. మన ఇంట్లో ఇంకొకడు పంచాయతీ కాగితాల జోలికి వస్తున్నాడంటే నాకు లోలోపల గర్వమే. ఆ ముక్క మీ నాన్నతో అనకు, నా మీద విరుచుకుపడతాడు. జీతం వదులుకోవడం మాత్రం తెలివైన పని కాదు. కొన్నాళ్లు సెలవు ఇస్తారేమో అడిగావా? అడిగి ఉండవు. మీ నాన్న పోలికే, అడగడం నామోషీ.

సులువైనవి ముందు చెప్పేస్తాను. సర్పంచులను, కార్యదర్శులను విడివిడిగా కలువు. జిల్లా పంచాయతీ అధికారి అనుమతి కాగితం మీద తీసుకో, నోటిమాటతో బయలుదేరకు. ఆధార్ నంబర్లు, జబ్బుల వివరాలు అందులో పెట్టనివ్వకు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది, చదువు. మొదట నాలుగైదు ఊళ్లు చాలు.

ఉన్నవాటినే మళ్లీ కట్టకు. పంచాయతీ ప్రణాళికలు, పద్దులు ఎక్కించడానికి 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్ వచ్చింది. అంతకుముందే, 2019 అక్టోబరు 2న, మన రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. అక్కడ ఉద్యోగం చేసే పిల్లలు ఒకే అంకెను ఎన్ని యాప్‌లలో కొడుతున్నారో ఒక పూట పక్కన కూర్చుని చూడు. వాళ్ల నెత్తిన ఇంకో యాప్ పెట్టావా, మొదటి వారం మర్యాదకు నింపుతారు, రెండో వారం నుంచి నిన్నటి అంకెనే మళ్లీ వేస్తారు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే చేస్తాను.

అయినా నీ ఆలోచనలో అసలు విషయం ఉంది, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడున్న దారులన్నీ కింది నుంచి పైకి వెళ్లేవే. ఊరి లెక్క అమరావతికి తెలుస్తుంది, ఢిల్లీకి తెలుస్తుంది, కాలువ అవతలి గట్టు మీది పంచాయతీకి తెలియదు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగిన పనులంటూ పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాశారు. పక్క పంచాయతీకి ఒక మాట చెప్పాలంటే మాత్రం ఇప్పటికీ అక్కడి కార్యదర్శి ఫోను నంబరు మన దగ్గర ఉండాలి, ఆయన ఎత్తాలి.

మురుగు డ్రెయిన్ల సంగతే చూడు. ఎగువ ఊరివాళ్లు గుర్రపుడెక్క తీయిస్తారు. గట్టుకు లాగేది కొంత, కిందికి తోసేసేది కొంత. అది వెళ్లి దిగువ ఊరి వంతెన కింద చాపలా పరుచుకుంటుంది. నీరు వెనక్కి తన్ని చేలలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత రెండు ఊళ్లకూ మాటా మాటా. ‘సోమవారం తీయిస్తున్నాం’ అని ముందు రోజు కబురు వెళితే, దిగువవాళ్లు వంతెన దగ్గర మనుషులను పెట్టుకుంటారు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీటి చెరువులు నింపుకోవడమూ అంతే. శివారు ఊరి చెరువులోకి ఇంకా సగం నీరైనా రాలేదని పై ఊరికి తెలిసే మార్గమే లేదు. నువ్వు ఇలాంటివాటితో మొదలుపెట్టు. ఎవరి గుట్టూ రట్టు కాదు, ఎవరి కుర్చీ కిందికీ నీళ్లు రావు.

ఇక ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నది దేనికో చెబుతాను.

1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పటికి నువ్వు పుట్టలేదు. వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. కోనసీమలో కొబ్బరితోటలు తోటలకు తోటలే నేలకూలాయి. పడిపోయిన ఇళ్లు, చెట్లు లెక్క రాసి, ఊరూరి నుంచీ బాధితుల జాబితాలు పంపించారు. అప్పట్లో నేను ఒక కార్యాలయంలో ఇన్‌వార్డు గుమాస్తాను. ఏ కార్యాలయమో రాయను, నాతో పనిచేసినవాళ్ల పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు.

పాయ మధ్యలో ఒక లంక. ఇళ్లేమో ఇవతలి పంచాయతీ కింద, తోటలు చాలావరకు అవతలి పంచాయతీ కింద ఉండేవి. ఇళ్లు పడినవాళ్ల పేర్లు ఇవతలి పంచాయతీ పంపింది, చెట్లు పడినవాళ్ల పేర్లు అవతలి పంచాయతీ పంపింది. రెండు జాబితాలూ నిక్కమైనవే. వాటిని పక్కపక్కన పెట్టుకున్న గుమాస్తాకు ఒకే మనిషి, ఒకే తండ్రి పేరు రెండు చోట్లా కనిపించాయి. దొంగ లెక్క అనుకున్నాడు. ఎర్ర సిరాతో ఇక్కడొక గీత, అక్కడొక గీత. ఏది అసలో తేలేదాకా రెండూ ఆపుదామనుకున్నాడని చాలా కాలానికి తెలిసింది. గీత పక్కన సంతకం లేదు, తేదీ లేదు, కారణం లేదు. ఏ పంచాయతీనీ అడగలేదు. లంకకు మనిషిని పంపాలంటే రేవులో పడవే మిగల్లేదు, అది నిజం. కానీ అవతలి పంచాయతీ కార్యదర్శి ఆ పూట మా వరండాలో బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాడు!

తర్వాత శుభ్రమైన ప్రతి టైపు చేశారు. శుభ్రమైన ప్రతిలో కొట్టివేతలు కనిపించవు కదా, ఆ పేర్లు పుట్టనే లేదన్నట్టు అయింది. కార్బన్ కాపీలు నాలుగు చోట్లకు వెళ్లాయి. లంకవాళ్లు అర్జీలతో వచ్చేవారు, నేను నంబరు వేసి ఇచ్చేదాన్ని. ఒక ముసలావిడ మా దగ్గర డబ్బు సంగతే ఎత్తలేదు. తన పేరు ఎవరు కొట్టేశారో చెప్పమని అడిగింది. మళ్లీ వచ్చినప్పుడూ అదే అడిగింది. మా సూపరింటెండెంటు ఫైలు తిరగేసి తిరగేసి, విచారిస్తామమ్మా అన్నాడు. పేరు లేని గీతను ఏమని విచారిస్తాడు?

తప్పు తేలాక దిద్దుబాటు మెమో వెళ్లింది. నాలుగు చోట్లకు కాదు, ఒక్క చోటికే. మిగతా మూడింటిలో పాత కాపీయే రాజ్యం చేసింది. బియ్యానికి వెళితే పేరు లేదు, బ్యాంకుకు వెళితే పేరు లేదు. సంక్రాంతి దాటిపోయినా ఆ జనం కాళ్లరిగేలా తిరుగుతూనే ఉన్నారు.

నీ కాగితాలు చదువుతుంటే నా కళ్లకు ఆ ఎర్ర గీతే కనిపించింది. అప్పుడు కాపీ నాలుగు చోట్లకు చేరడానికి వారం పట్టింది. నీ యంత్రంలో వందల చోట్లకు చిటికెలో చేరుతుంది.

కాబట్టి ఏ సమాచారాన్నయినా అది పుట్టిన పంచాయతీ తప్ప ఇంకెవరూ దిద్దకూడదు. పైవాళ్లకు అనుమానం వస్తే ప్రశ్న పంపాలి, అంతే. దిద్దినప్పుడు పాతదీ కొత్తదీ రెండూ కనిపించాలి, దిద్దినవారి హోదా, సమయం, కారణం పక్కనే ఉండాలి. పాతదాన్ని చూసిన ప్రతి కార్యాలయానికీ దిద్దుబాటు దానంతటదే వెళ్లాలి, చూశామని వాళ్లు ఒప్పుకునేదాకా వదలకూడదు. ఎస్టోనియాలో 2001 నుంచి నడుస్తున్న ఎక్స్-రోడ్ అనే సమాచార మార్పిడి వ్యవస్థ గురించి రాశావు. అక్కడ ఏ కార్యాలయం వివరాలు ఆ కార్యాలయం దగ్గరే ఉంటాయనీ, హక్కు ఉన్నవారు అడిగినప్పుడే జవాబు వెళుతుందనీ, ఆ అడగడం కూడా నమోదవుతుందనీ. అది బాగుంది, దాన్ని వదలకు. నాలుగో పేజీలో మాత్రం ‘అన్నీ ఒకేచోట నిల్వ చేస్తాం’ అన్నావు. ఆ పేజీ చించెయ్.

ఊళ్లను పేర్లతో నమోదు చేయకు. పోలవరం ఉంది, ఐ.పోలవరం ఉంది. గన్నవరం ఉంది, పి.గన్నవరం ఉంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖవారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి పంచాయతీకీ ఒక కోడు ఉంది, దాన్నే వాడు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరే జిల్లా అయింది. రేపు ఇంకేం మారుతుందో, జిల్లా పేరును నమ్ముకోకు.

ఏరు మన సరిహద్దులను లెక్కచేయదు కూడా. కనకాయలంక పశ్చిమ గోదావరి జిల్లా యలమంచిలి మండలంలోది. అక్కడివాళ్లు బయటికి రావాలంటే కాజ్‌వే దాటి కోనసీమ జిల్లా చాకలిపాలేనికి రావాలి. వరదకు కాజ్‌వే మునిగితే రెండు జిల్లాల పంచాయతీలూ మాట్లాడుకోక తప్పదు. యానాం పుదుచ్చేరి కిందిది, అయినా మన గోదావరి పాయే అయిన గౌతమి ఒడ్డున ఉంది. నీ పటంలో దాన్ని తెల్లగా వదిలేశావు. నింపు.

వరద హెచ్చరికల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు, నా మాట విను. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. అవి అధికారుల నుంచే రావాలి, వచ్చినవి వచ్చినట్టే కనిపించాలి. 1986 ఆగస్టు వరదలో, ఏరు తగ్గుతోందని ఎవరో అన్న మాట నమ్మి, అటక మీది సామాను దించుకున్నవాళ్లను చూశాను. ఇప్పటికీ వాన పట్టిన రాత్రి నాకు నిద్ర పట్టదు. ఊళ్ల నుంచి కావలసింది వేరే ఉంది: ఏ రేవు మునిగింది, ఏటిగట్టు ఎక్కడ ఊట వేస్తోంది, పడవ ఉందా, దాన్ని నడిపే మనిషి ఉన్నాడా.

తుపానుకు కరెంటూ, ఫోను టవర్లూ ముందే పోతాయి. వారానికోసారి ముఖ్యమైన వివరాలు కాగితం మీద ముద్రించి పంచాయతీ గోడకు అంటించే ఏర్పాటు చెయ్యి. నవ్వకు.

అన్నయ్యతో నేను మాట్లాడతాను. అద్దె ఇల్లు వెతకకు, మా మేడ మీది గది ఖాళీగానే ఉంది, మీ మామయ్య అప్పుడే సున్నం వేయిస్తున్నారు. మా ఊరి కార్యదర్శి ఆదివారాలు ఇంటిపట్టునే ఉంటాడు, భోజనానికి పిలుస్తాను. నీ ఫారం కాగితం మీద పెద్ద అక్షరాలతో ముద్రించి తీసుకురా, ఫోనులో చూపిస్తే నేను చూడను. అతను అన్నం తిన్నాక ఇద్దరం కలిసి నింపి చూస్తాం. ఎక్కడ తడబడ్డామో నువ్వు రాసుకో. మధ్యలో అందుకుని వివరించడం మొదలుపెట్టావంటే ఊరుకోను.

ఇట్లు,
మీ అత్తయ్య