బంగారం వెతకడానికి 11 అంగుళాల కాయిల్ చాలా, 17 అంగుళాలది కూడా కొనాలా?

మీరు అడిగింది ఇదీ: మెల్‌బోర్న్‌లో ఉంటారు, వారాంతాల్లో బెండిగో, డనోలీ వైపు వెళ్లి బంగారం వెతకాలని మైన్‌ల్యాబ్ జీపీఎక్స్ 6000 మెటల్ డిటెక్టర్ కొంటున్నారు. దాంతోపాటు వచ్చే 11 అంగుళాల కాయిల్ (నేల మీద ఊపుతూ వెతికే పళ్లెంలాంటి భాగం) సరిపోతుందా, లేక లోతుగా చూసే 17×13 అంగుళాల కాయిల్ కూడా ఇప్పుడే తీసుకోవాలా అని.

తీసుకోకండి. చేతిలో ఇంకా డబ్బుంటే కోయిల్‌టెక్ వాళ్ల గోల్డ్‌హాక్ 10×5 అంగుళాల చిన్న కాయిల్ కొనండి. కొత్తగా మొదలుపెట్టే ఎవరికైనా మన విక్టోరియా రాష్ట్రంలో నేను చెప్పేది ఒక్కటే. మొదటి ఏడాది 11 అంగుళాలు దాటవద్దు.

నేను బెండిగోలోనే ఉంటాను. చలికాలం మొదలై నేల కాస్త మెత్తబడితే చాలు, శని ఆదివారాలు నేను దొరికేది అడవిలోనే. చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. మనం వెతికే నేల కొత్తది కాదు. 1851 నుంచి ఇక్కడ తవ్వుతూనే ఉన్నారు. వాగులన్నీ తిరగేశారు, మట్టి కడిగారు, కడిగిన మట్టినే మళ్లీ కడిగారు. ఆ తర్వాత డిటెక్టర్లు వచ్చాయి. 1995లో మైన్‌ల్యాబ్ వాళ్ల ఎస్‌డీ 2000 డిటెక్టర్ వచ్చాక ఎర్రమట్టి, ఇనుపరాళ్లున్న చోట కూడా మెషీన్ పనిచేయడం మొదలైంది. అప్పటి నుంచి పెద్ద కాయిళ్లతో ఈ అడవిని ఎంతమంది ఊపారో లెక్కే లేదు. పెద్ద కాయిల్‌కు వినిపించే బంగారాన్ని పెద్ద కాయిళ్లవాళ్లు ఎప్పుడో పట్టుకుపోయారు. మనకు మిగిలింది వాళ్లకు వినపడనిది. అంటే గ్రాము లోపు ముక్కలు, అదీ జానెడు లోతులోపే.

లోతు అనగానే అందరూ ఆశపడతారు. కానీ ఎంత పెద్ద ముక్కకు ఎంత లోతు అని ఎవరూ అడగరు. అరకిలో ముద్ద ఉంటే 17 అంగుళాల కాయిల్ దాన్ని నిజంగానే ఎక్కువ లోతు నుంచి పట్టుకుంటుంది, కాదనను. అర గ్రాము ముక్క సంగతి వేరు. కాయిల్ పెద్దదయ్యేకొద్దీ దాని శక్తి ఎక్కువ మేరకు పరుచుకుని, కాయిల్‌కు దగ్గర్లో పలచబడుతుంది. చిన్న ముక్క నుంచి తిరిగొచ్చే సిగ్నల్ అసలే బలహీనం. పైగా దూరం రెట్టింపైతే సిగ్నల్ సగానికి తగ్గడం కాదు, పదుల రెట్లు పడిపోతుంది. దానికితోడు పెద్ద కాయిల్ కింద మట్టి కూడా ఎక్కువ. ఆ మట్టిలోని ఇనుము, హాట్ రాక్‌లు (ఖనిజాల వల్ల డిటెక్టర్‌ను మోగించే రాళ్లు), అన్నీ కలిసి రొద పెడతాయి. ఆ రొదలో చిన్న ముక్క సిగ్నల్ మీ చెవికి చేరదు.

మా బావ మెల్‌బోర్న్‌లో ఉంటాడు. మీరు అడిగిన 17×13 కాయిలే కొనుక్కుని ఒకసారి నాతో వెడర్‌బర్న్ వచ్చాడు. పాత గనుల మట్టిదిబ్బల పక్కన ఒక చిన్న వాగు గట్టు. గట్టు పొడవునా నల్లటి బెరడుతో ఐరన్‌బార్క్ చెట్లు. బావ ముందు నడుస్తూ చకచకా ఊపుకుంటూ పోయాడు, నేను 10×5తో వెనకే ఉన్నాను. ఒక చెట్టు మొదట్లో రెండు వేర్లు నేలపైకి లేచి ఉన్నాయి, వాటి మధ్య జానెడు సందు.

"బావా, ఇక్కడ చూశావా?" అన్నాను.

"ఊపేశాన్రా, ఏం లేదక్కడ" అన్నాడు తిరిగి చూడకుండానే.

ఆయన ఊపింది వేర్ల పైనుంచి. అంత కాయిల్ ఆ సందులోకి ఎలా దిగుతుంది? నేను 10×5ని సందులోకి దింపి, నేలకు దాదాపు ఆనించి మెల్లగా జరిపాను. హెడ్‌ఫోన్‌లో ఎప్పుడూ వినిపించే సన్నటి హమ్ కొంచెం లేచి పడింది. బీప్ అనడానికి లేదు, అంతే లేవడం, పడటం. అడ్డంగా జరిపి చూశాను, అదే. బూటుతో ఆకులు, పైమట్టి పక్కకు తోశాను. శబ్దం తగ్గలేదు, కాస్త పెరిగింది. అలా పెరిగితే ఆ టార్గెట్‌ను వదలకూడదు. చిన్న గుద్దలితో నాలుగు వేళ్ల లోతు గీకాక గుంతలో శబ్దం పోయింది, తీసిన మట్టిలోకి వచ్చింది.

ఇక్కడ తొందరపడకూడదు. ప్లాస్టిక్ స్కూప్‌లోకి ఆ మట్టి తీసుకుని కాయిల్ మీద ఆడించాను, మోగింది. సగం పక్కన పోసి మిగతా సగం ఆడించాను, మోగింది. మళ్లీ సగం. అలా చేసుకుంటూ పోతే చివరికి స్కూప్‌లో చిటికెడు మట్టి, ఒక గులకరాయి మిగిలాయి. వాటిని కొద్దికొద్దిగా కాయిల్ మీద రాల్చాను. మట్టి చప్పుడు లేకుండా పడింది, చివర్లో ఒకటి మాత్రం టక్కుమంది. వేలితో తుడిస్తే పసుపు. కందిబద్దంత ముక్క, ఒక అంచున తెల్లటి క్వార్ట్జ్ ఇంకా అంటుకునే ఉంది. ఇంటికొచ్చి తూస్తే 0.6 గ్రాములు.

బావ నమ్మలేదు. సరే పరీక్షిద్దామని ముక్కను చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అదే గుంతలో అదే లోతున ఉంచి మట్టి కప్పాను. ఆయన 17×13ని వేర్ల మీదుగా పోనిచ్చాడు. ఏమీ లేదు. మెల్లగా పోనిచ్చాడు. ఏమీ లేదు. నా కాయిల్ సందులో పెట్టి హెడ్‌ఫోన్ ఆయన చెవికి ఇచ్చాను, తెల్లబోయాడు. ఆ రోజు చూసిందే చాలు నాకు, కాయిల్ గురించి ఎవరు ఎన్ని చార్టులు చూపించినా నా మాట మారదు.

పెద్ద ముద్దలు లోతులోనే ఉంటాయి కదా అని వాదించేవాళ్లు చరిత్ర చూసుకోవాలి. 1869లో మోలియాగుల్ దగ్గర దొరికిన వెల్కమ్ స్ట్రేంజర్ అనే ముద్దలో శుద్ధి చేశాక 72 కిలోల బంగారం తేలింది. అది ఎక్కడుంది? చెట్టు మొదట్లో, నేలకు అంగుళం కింద. 1980లో కింగోవర్ దగ్గర డిటెక్టర్‌తో దొరికిన హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ 27 కిలోలు, అడుగు లోతులోనే ఉంది.

పెద్ద కాయిల్ పనికొచ్చే చోట్లు లేవని కాదు. దున్నిన బయలు పొలం రైతు అనుమతితో చూస్తున్నా, పశ్చిమ ఆస్ట్రేలియాలో చెట్టూచేమా లేని ఎర్రనేల మీద రోజంతా నడుస్తున్నా, 17×13 ఎక్కువ మేర కప్పుతుంది. మీరు వెళ్లేది పొదలు, వేర్లు, గుంతలు, మట్టిదిబ్బలు ఉన్న బాక్స్, ఐరన్‌బార్క్ చెట్ల అడవికి. అక్కడ మధ్యాహ్నానికల్లా భుజం లాగేస్తుంది, కాయిల్ నేలకు అరచేయి ఎత్తులో ఊగుతుంది. నేలకు ఆనని కాయిల్ ఎంత పెద్దదైతే ఏం లాభం?

ఈ లోతు పిచ్చి నాకు ఎంత కోపం తెప్పిస్తుందో చెప్పాలి. మాది కర్నూలు జిల్లా. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలు వెతుక్కుంటారు కదా, ఆ రోజుల్లో మా ఊరి నుంచి ఫోన్లు మొదలవుతాయి: "అన్నా, ఆ మెషీన్ ఒకటి పంపు." వజ్రానికి డిటెక్టర్ మోగదు, అందులో కరెంటు పారదు, కళ్లతో వెతకాల్సిందే అని ఎన్నిసార్లు చెప్పినా వినరు. ఇంకొందరు గుప్తనిధుల కోసం అడుగుతారు. రెండు యాంటెన్నాలు చేత్తో పట్టుకుంటే 20 మీటర్ల లోతులో బంగారం చూపిస్తుందని యూట్యూబ్‌లో ఎవడో చెబుతాడు, వీళ్లు లక్షలు పోసి కొంటారు. అది పచ్చి మోసం. జేబులో పట్టేంత బంగారాన్ని అంత లోతులో పట్టే మెషీన్ భూమ్మీద లేదు. పైగా మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు చెప్పాలి. గుడి గోడలు, పాత కోటలు తవ్విపోసేవాళ్లను చూస్తే కడుపు మండిపోతుంది. ఇక్కడి దుకాణాల్లో కూడా ఇదే ఆశ మీద వ్యాపారం. ఎక్కడ వెతుకుతారని అడగరు, పెద్ద కాయిల్ చేతిలో పెట్టి పంపుతారు.

మీరు ముందు మైనర్స్ రైట్, అంటే బంగారం వెతకడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, తీసుకోండి, ఒకసారి తీసుకుంటే పదేళ్లు చెల్లుతుంది. నేషనల్ పార్కుల్లో చాలావాటిలో వెతకనివ్వరు, కాబట్టి మ్యాప్ చూసుకుని స్టేట్ ఫారెస్ట్‌లకు వెళ్లండి. బూట్లలో ఇనుము లేకుండా చూసుకోండి, లేకపోతే అడుగుకో సిగ్నల్ వస్తుంది. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. తీసిన గుంత పూడ్చి, ఆకులు మళ్లీ కప్పి రండి. పూడ్చకుండా పోయేవాళ్ల వల్లే మనందరికీ చెడ్డపేరు.

17×13కి పెట్టాలనుకున్న డబ్బుతో 10×5, మంచి ప్లాస్టిక్ స్కూప్, ఒక గుద్దలి కొనుక్కోండి. మిగిలింది పెట్రోలుకు ఉంచండి. 11తో బయలుగా ఉన్న చోట మెల్లగా ఊపండి, ఒక ఊపు మీద ఇంకో ఊపు సగం పడాలి. వేర్లు, రాళ్ల సందులు రాగానే 10×5కి మార్చండి. మార్చడానికి పట్టేది రెండు నిమిషాలు.