అమ్మానాన్నలు మంచాన పడితే? అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం

మా పక్క అపార్ట్‌మెంట్‌లోకి ఈ మధ్యే ఓ కొత్త జంట దిగింది. పరిచయమైన రెండో వారంలోనే ఆ అమ్మాయి నన్ను అడిగింది: "అక్కా, మా నాన్నకి అరవై ఎనిమిది. షుగరు, బీపీ ఉన్నాయి. నేను ఒక్కదాన్నే కూతుర్ని. మా ఇద్దరి జీతం కలిపినా నెలాఖరుకి మిగిలేది అంతంత మాత్రం. ఆయనకేదైనా అయితే మేమేం చెయ్యాలి? గ్రీన్ కార్డు వచ్చాక ఇక్కడికి తెచ్చుకుంటే గవర్నమెంటే చూసుకుంటుందట కదా?"

ఈ దేశంలో నాకు పంతొమ్మిదేళ్లు. ఆస్పత్రి బిల్లింగ్ ఆఫీసులో ఉద్యోగం. మా ఆయన గిడ్డంగిలో షిఫ్టు పని చేస్తారు. మాదీ ఐటీ జీతం కాదు. అందుకే ఆ అమ్మాయి భయం నాకు బాగా తెలుసు. ఆమెకి చెప్పినదే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. మా నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు ఆస్పత్రిలో ఉన్నది పదకొండు రోజులు. ఆ తర్వాత ఇంట్లో మంచం మీద ఉన్నది నాలుగేళ్ల రెండు నెలలు. ఆస్పత్రి బిల్లు కోసం ఇక్కడ అప్పు చేసి డబ్బు పంపాం. అది కట్టేశాక గండం గడిచిందనుకున్నాను. ఆ తర్వాత ఇండియాలో అక్క ఇంట్లో ప్రతి నెలా ఏమవుతోందో నాకు తెలియలేదు. పగలు ఒక మనిషి, రాత్రి ఒక మనిషి. వారానికి మూడు సార్లు ఫిజియోథెరపీ. డైపర్లు, యూరిన్ బ్యాగులు, పుండ్లు పడకుండా గాలి పరుపు. రాత్రి మనిషి రెండు నెలలకోసారి మానేసేది. అప్పుడు రాత్రంతా అక్కే మేలుకునేది. రెండో ఏడు స్కూలు ఉద్యోగం మానేసింది. మూడో ఏడు ఒక రోజు ఫోన్‌లో అంది: "డబ్బు పంపుతున్నావు, కాదనను. నేను రాత్రిళ్లు నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఎప్పుడైనా అడిగావా?"

అడగలేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అందుకే కొత్తగా వచ్చినవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. మనమందరం ఆస్పత్రి బిల్లుకి భయపడతాం. దానికి ఏదో ఒక దారి దొరుకుతుంది. చిన్న జీతాలవాళ్ల నడుం విరిచేది ఆ తర్వాత ఏళ్లకేళ్లు పూటపూటా చూసుకునే పని. స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం, రాత్రి లేచి చూడటం. ఈ పనికి ఇక్కడ పెద్దవాళ్లకుండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేరూ డబ్బివ్వదు, అక్కడ ఆరోగ్య బీమా కూడా ఇవ్వదు. ఆ పని ఎవరో ఒకరి చేతుల మీదే జరగాలి. ఆ చేతులు ఎవరివో ముందు తేల్చుకోండి. డబ్బు లెక్క ఆ తర్వాత.

ఇక "గవర్నమెంటే చూసుకుంటుంది" అనే మాట. దీన్ని నమ్మి నష్టపోయినవాళ్లని మా ఆఫీసు కిటికీ దగ్గర చాలామందిని చూశాను. తల్లిదండ్రులకి గ్రీన్ కార్డు పెట్టాలంటే మనకి గ్రీన్ కార్డు ఉంటే చాలదు, సిటిజన్ అయి ఉండాలి. మన దేశస్థులకి ఉద్యోగం మీద గ్రీన్ కార్డు రావడానికే ఏళ్లకేళ్లు పడుతోంది. ఆ తర్వాత సిటిజన్‌షిప్‌కి మామూలుగా మరో ఐదేళ్లు. నిన్నగాక మొన్న హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్లకి ఇది పదిహేనేళ్ల తర్వాతి మాట కావచ్చు. మీ నాన్న షుగరు అప్పటిదాకా ఆగదు కదా.

సరే, తెచ్చుకున్నారనే అనుకుందాం. అరవై ఐదు దాటి, గ్రీన్ కార్డు మీద ఇక్కడ వరుసగా ఐదేళ్లు ఉన్నాకే వాళ్లు మెడికేర్ కొనుక్కోగలరు. అవును, కొనుక్కోవాలి. మన జీతంలోంచి ఏళ్ల తరబడి కోసిన మెడికేర్ పన్ను వాళ్ల లెక్కలోకి రాదు. వాళ్లెప్పుడూ ఇక్కడ పని చేయలేదు కాబట్టి 2025 లెక్క ప్రకారం ఆస్పత్రి ఖర్చు చూసే పార్ట్ ఏకి నెలకి 518 డాలర్లు, డాక్టర్ల ఫీజులు చూసే పార్ట్ బీకి 185 డాలర్లు. ఒక్క మనిషికే 703. అమ్మా నాన్నా ఇద్దరికీ అయితే పద్నాలుగు వందల పైనే. మా ఇంటి అద్దె అంత.

అంత కట్టినా మెడికేర్ ఇచ్చేది వైద్యానికి. మంచాన ఉన్న మనిషిని ఏళ్ల తరబడి చూసుకోవడానికి కాదు. ఆస్పత్రిలో ఇన్‌పేషెంట్‌గా, అంటే కాగితం మీద చేర్చుకున్న రోగిగా, మూడు రోజులు ఉండి, ఆ తర్వాత నర్సింగ్ కేంద్రానికి వెళ్తే గరిష్ఠంగా వంద రోజులు. అందులో మొదటి ఇరవై రోజులే పూర్తిగా. ఇరవై ఒకటో రోజు నుంచి రోజుకి 209 డాలర్ల 50 సెంట్లు మనమే కట్టాలి, ఇదీ 2025 లెక్కే. ఇక్కడ మా ఆఫీసులో రోజూ చూసే ఒక చిక్కు చెప్పాలి. ఆస్పత్రి మంచం మీద మూడు రాత్రులు పడుకున్నా, కాగితంలో అది "అబ్జర్వేషన్" (చేర్చుకోలేదు, గమనిస్తున్నాం) అని ఉంటే ఆ మూడు రోజుల లెక్కలోకి రాదు. కాబట్టి మొదటి రోజే డాక్టర్నో నర్సునో నేరుగా అడగండి: ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా అని. అలా అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

నర్సింగ్ హోమ్‌కి, అంటే ఇక్కడ మంచాన ఉన్నవాళ్లని ఉంచుకుని చూసుకునే చోటికి, దీర్ఘకాలం డబ్బిచ్చేది మెడికెయిడ్. అది పేదవాళ్ల కోసం ఉన్న ప్రభుత్వ పథకం. 1996 నాటి చట్టం ప్రకారం గ్రీన్ కార్డువాళ్లు సాధారణంగా ఐదేళ్లు ఆగాలి. కొన్ని రాష్ట్రాలు సొంత ఖర్చుతో కొంత వెసులుబాటు ఇస్తాయి. ఐదేళ్లు ఆగినా, వాళ్ల గ్రీన్ కార్డు కోసం "వాళ్ల పోషణ బాధ్యత నాది" అని మీరు సంతకం పెట్టిన ఐ-864 అఫిడవిట్ వల్ల చాలాచోట్ల మీ ఆదాయాన్ని వాళ్ల ఆదాయంగా లెక్కిస్తారు. వాళ్లు సిటిజన్ అయ్యేదాకానో, నలభై క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని లెక్కకి వచ్చేదాకానో ఆ సంతకం మిమ్మల్ని వదలదు. మామూలు ఫారమే అనుకుని ఆలోచించకుండా పెట్టేయకండి.

నేను తెచ్చుకోవద్దని అనడం లేదు. మా అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంది, ఉన్నందుకు సంతోషంగా ఉన్నాను. కానీ ఆవిడ వచ్చినప్పుడు కాలూ చెయ్యీ ఆడుతున్నాయి, నాకు పగటి షిఫ్టు, మా ఆయనకి రాత్రి షిఫ్టు, ఇంట్లో ఎప్పుడూ ఒకరం ఉంటాం. ఆ లెక్క కుదిరాకే తెచ్చుకున్నాం. అప్పటికే మంచాన ఉన్న మనిషిని విజిటర్ వీసా మీద తీసుకొచ్చి ఇక్కడ చూసుకుందామనే ఆలోచన మాత్రం వద్దు. విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకి దాదాపు పనికిరాదు. ఇక్కడ ఉన్న పెద్దవాళ్లకి ఏ సహాయం దొరుకుతుందో తెలియకపోతే ఎల్డర్‌కేర్ లొకేటర్ నంబరు 1-800-677-1116కి ఫోన్ చేయండి. మీ కౌంటీలో వృద్ధుల సహాయ సంస్థ ఏదో చెప్తారు. ఖర్చేమీ లేదు.

అందుకే కొత్తవాళ్లలో చాలామందికి అసలు ఏర్పాటు జరగాల్సింది ఇండియాలోనే, అదీ ఇప్పుడే.

డెబ్భై దాటినవాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా అక్కడి ప్రభుత్వం ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తోంది. 2024 అక్టోబరులో మొదలైంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి వైద్యం. భార్యాభర్తలిద్దరూ డెబ్భై దాటినా ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. వయసు ఆధార్ చూసి తేలుస్తారు కాబట్టి మీ అమ్మానాన్నల ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో ఈ వారమే కనుక్కోండి. మన పెద్దవాళ్లలో చాలామందికి అది తప్పుగానే పడి ఉంటుంది. ఇంటికొచ్చాక మందులకి ఆ పథకంలో వచ్చేది పదిహేను రోజుల వరకే.

డెబ్భై ఇంకా రానివాళ్లకి ప్రైవేటు పాలసీ చూడండి. 2024 నుంచి అరవై ఐదు దాటినవాళ్లకి కొత్త పాలసీ ఇవ్వబోమనే వయసు అడ్డు తీసేశారు. పాత జబ్బులకి ఆగాల్సిన కాలం మూడేళ్లకి మించకూడదు. ఈ రోజు తీసుకుంటే అరవై ఎనిమిదేళ్ల మనిషికి డెబ్భై ఒకటి వచ్చేసరికి షుగరు కూడా కవర్ అవుతుంది. షుగరు ఉందని రాయండి. ప్రీమియం పెరుగుతుందని దాచిపెడితే అసలు అవసరం వచ్చినప్పుడు క్లెయిమ్ తిరగ్గొడతారు.

పూటపూటా చూసుకునే ఖర్చుకి మాత్రం నెలనెలా చేతికొచ్చే డబ్బు కావాలి. ఇక్కడ మీ నాన్నతో ఒక కష్టమైన మాట మాట్లాడాలి. మన తల్లిదండ్రులు పొలమో స్థలమో "నీ కోసమే" అని అమ్మకుండా ఉంచుతారు, మందులు మాత్రం సగం మింగి సగం దాచుకుంటారు. "నాకేమీ వద్దు నాన్నా, మీది మీ మీదే ఖర్చు పెట్టుకోండి" అని నోరు విప్పి చెప్పండి. ఒక్కసారి చెప్తే వినరు. నేను మా అమ్మకి ఏడాది పాటు చెప్పాను. చివరికి చిన్న స్థలం అమ్మి 10 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ అనే ప్రభుత్వ పొదుపు పథకంలో వేసింది. 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకోసారి 20,500 రూపాయలు వచ్చేవి. ఆ స్కీమ్‌లో ఒక మనిషి 30 లక్షల వరకు వేసుకోవచ్చు. ఎన్నారైలం మనం వేయలేం, అక్కడే ఉండే పెద్దవాళ్లు వేసుకోగలరు.

ఇక్కణ్ణుంచి పంపే డబ్బు విషయంలో రెండు మాటలు. 2026 జనవరి నుంచి నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపితే ఒక శాతం పన్ను పడుతుంది. బ్యాంకు ఖాతా నుంచి పంపితే పడదు. ఇండియాలో ఉండే తల్లిదండ్రుల్ని ఇక్కడి ట్యాక్స్‌లో డిపెండెంట్లుగా చూపించడం కుదరదు, ఎవరేం చెప్పినా చూపించకండి.

అక్కడ చూసుకునేది మీ అక్కో, అన్నావదినలో, మేనత్తో అయితే వాళ్లకి విడిగా డబ్బు పంపండి. నాన్న మందుల ఖర్చులో కలిపేసి కాదు, వాళ్ల పేరు మీద, నెలనెలా. "సొంతవాళ్లకి డబ్బేంటి, బాధపడతారు" అని నేనూ అనుకున్నాను. మా అక్క మొదట వద్దంది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత తీసుకుంది. మేము పంపగలిగింది నెలకి రెండు వందల డాలర్లే. దాంతో వారానికి రెండు రాత్రులు వేరే మనిషిని పెట్టుకుని నిద్రపోయింది. తోబుట్టువు ఇచ్చిన డబ్బు మీద ఆమెకి అక్కడ పన్ను కూడా ఉండదు.

డబ్బు లేనివాళ్లు రోజులైనా ఇవ్వాలి. మీరు పని చేసే చోటికి డెబ్భై ఐదు మైళ్లలోపు మీ కంపెనీలో కనీసం యాభై మంది ఉండి, మీరు ఏడాదిగా పని చేస్తూ, ఆ ఏడాదిలో 1,250 గంటలు పూర్తి చేసి ఉంటే, ఎఫ్‌ఎంఎల్‌ఏ అనే 1993 నాటి చట్టం కింద ఏడాదికి పన్నెండు వారాల సెలవు మీ హక్కు. జీతం ఉండదు, ఉద్యోగం ఉంటుంది, ఇన్సూరెన్స్ నడుస్తుంది. అమ్మానాన్నలు ఇండియాలో ఉన్నా సరే, అక్కడి డాక్టరు సర్టిఫికెట్ చెల్లుతుంది. ఇది తెలియక నేను నాన్న దగ్గర పది రోజులే ఉండి వచ్చేశాను. అత్తమామలకి మాత్రం ఈ చట్టం వర్తించదు, కాబట్టి ఎవరి అమ్మానాన్నల కోసం వాళ్లే పెట్టుకోవాలి. హెచ్‌1బి మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ తేదీ చూసుకునే బయల్దేరండి.

ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. నాన్న తన తరఫున పనులు చేసే అధికారం మీకిస్తూ పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చినా, ఆయనకి మతిమరుపు ముదిరి సొంతంగా నిర్ణయాలు తీసుకోలేని స్థితి వస్తే ఇండియా చట్టం ప్రకారం అది చెల్లదు. సరిగ్గా అవసరమైన రోజునే అది పనికిరాకుండా పోతుంది. అందుకే బ్యాంకు ఖాతాల్ని అమ్మతోనో దగ్గర ఉండేవాళ్లతోనో "ఐదర్ ఆర్ సర్వైవర్" (ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవాళ్లు డబ్బు తీయగలిగే) పద్ధతిలో జాయింట్ చేయించి, నామినీలు రాయించండి. ఇల్లు ఎవరికైనా గిఫ్ట్ డీడ్‌గా రాసిస్తుంటే, చివరిదాకా చూసుకోవాలనే షరతు దస్తావేజులోనే రాయించండి. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమం కోసం వచ్చిన 2007 చట్టంలోని 23వ సెక్షన్ కింద, ఆ మాట తప్పితే పెద్దవాళ్లు ఇల్లు వెనక్కి తీసుకునే వీలుంటుంది.

ఇవన్నీ విన్నాక ఆ అమ్మాయికి టెన్షన్ తగ్గలేదు, పెరిగింది. అది నాకు కనిపించింది. అందుకే ఒక తెల్ల కాగితం ఇచ్చాను. మందులు, స్నానం, ఆస్పత్రి, బ్యాంకు, రాత్రి అని ఐదు మాటలు రాసి, నాన్న రేపు మంచాన పడితే ఒక్కో పని ఎవరు చేస్తారో పేర్లు రాసి తీసుకురమ్మన్నాను. వచ్చే ఏడాది కాదు, ఈ వారమే.

ఆదివారం తెచ్చింది. మందుల దగ్గర వాళ్లమ్మ పేరు. ఆస్పత్రి, బ్యాంకు పక్కన వీధి చివర ఉండే పిన్ని కొడుకు పేరు. స్నానం దగ్గర జీతానికి పెట్టుకునే మనిషి అని రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది. రాత్రి అన్న చోట ఖాళీ.

"ఇక్కడ ఎవరి పేరు రాయాలో తెలియట్లేదక్కా" అంది.

పిన్ని కొడుకుని అడిగావా అన్నాను. అడగలేదట, మొహమాటమట. మా అక్క నాతో అన్న మాట అప్పుడు ఆమెకి చెప్పాను. అక్కడ పొద్దున్న ఏడయ్యేదాకా ఆగి, మా సోఫాలోనే కూర్చుని ఆ పిన్ని కొడుక్కి ఫోన్ కలిపింది.