డెకాల్ కింద ఆ తెల్లమెరుపు

ప్రశ్న: 1/72 సైజు (అసలులో 72వ వంతు) హరికేన్ యుద్ధవిమానం మోడల్ కిట్‌కి మ్యాట్ (మెరుపు లేని) రంగు వేసి డెకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే బొమ్మలు) అంటించాను. ఆరాక అక్షరాల చుట్టూ ఉన్న పారదర్శక పొర వెండిలా మెరుస్తోంది. డెకాల్స్ పాడయ్యాయా? – ఓ పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: డెకాల్స్‌ది తప్పు కాదండీ, కింది రంగుది. మ్యాట్ రంగు కంటికి నున్నగా కనిపించినా గోటితో గీరితే గరుకు తెలుస్తుంది. ఆ సన్నటి గుంతల్లో గాలి చిక్కుకుని మెరుస్తుంది. అందుకే డెకాల్‌కి ముందు గ్లాసీ క్లియర్ (మెరిసే, రంగులేని వార్నిష్) పలచగా రెండు కోట్లు వేసి, ఒక రోజు ఆరనివ్వాలి. వానాకాలమైతే రెండు రోజులు. ముసురు పట్టిన రోజున లాకర్ స్ప్రే జోలికి పోకండి, తేమకి పూత పాలు పోసినట్టు తెల్లబడుతుంది.

డెకాల్‌ని గోరువెచ్చటి నీళ్లలో 10–15 సెకన్లు ముంచి, తీసి టిష్యూ మీద ఒక నిమిషం ఉంచండి. నీళ్లలోనే వదిలేస్తే జిగురంతా కరిగిపోతుంది. బోరు నీళ్లు వద్దు, ఆరాక ఉప్పు మరకలు మిగులుతాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడండి. అంటించే చోట మైక్రో సెట్ (డెకాల్ బాగా అంటుకోవడానికి రాసే ద్రావణం) రాసి, డెకాల్‌ని కాగితం మీంచి అక్కడికే జార్చి, తడి ఇయర్‌బడ్‌ని మధ్య నుంచి అంచులకి దొర్లించండి.

హరికేన్ వెనక సగం గుడ్డ కప్పిన భాగం. దానిపై ఉబ్బిన గీతల మీద అక్షరం కూర్చోవాలంటే మైక్రో సోల్ (డెకాల్‌ని మెత్తబరిచే ద్రావణం) తప్పదు. అది రాయగానే డెకాల్ అప్పడంలా ముడతలు పడుతుంది. కంగారుపడి వేలు పెట్టారో, చిరిగి చేతికొస్తుంది! వదిలేస్తే ఆరుతూ తనే సర్దుకుంటుంది. ఇప్పటికే మెరుస్తున్న చోట సూదిమొనతో నాలుగైదు పోట్లు పొడిచి మైక్రో సోల్ రాయండి, మర్నాడు మళ్లీ ఒకసారి. అంతా అయ్యాక మ్యాట్ కోటు.

ప్రశ్న: 1944లో ఇంఫాల్‌లో అర్జన్ సింగ్ నడిపిన భారత వైమానిక దళపు 1వ స్క్వాడ్రన్ హరికేన్ చేస్తున్నాను. కిట్‌లో ఎర్రచుక్క ఉన్న రౌండెల్సే (విమానం మీది గుండ్రటి గుర్తులు) ఉన్నాయి. వాడొచ్చా? – ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వాడొద్దు. జపాన్ విమానాల ఎర్రసూర్యుడిగా పొరబడే ప్రమాదం ఉందని బర్మా రంగంలో రౌండెల్ నుంచి ఎరుపు తీసేశారు. ముదురు నీలం, మధ్యలో లేత నీలమో తెలుపో మిగిలింది. ఎరుపు మీద ఇంకో డెకాల్ అంటిస్తే అడుగు రంగు పైకి తేలుతుంది, కాబట్టి రంగే వేసేయండి. అక్కడి ఫైటర్లకి 16 అంగుళాల చిన్న రౌండెల్ తరచుగా ఉండేది. 1/72 సైజుకి, 16ని 25.4తో (అంగుళానికి మిల్లీమీటర్లు) గుణించి 72తో భాగిస్తే 5.6 మిల్లీమీటర్లు. ఆఫీసు పంచింగ్ మెషీన్ రంధ్రం 6 మిల్లీమీటర్లు, ఆ తేడా కంటికి ఆనదు. మాస్కింగ్ టేపుని మైనం కాగితం మీద అంటించి పంచ్ చేస్తే స్టెన్సిల్ సిద్ధం. లోపలి చుక్కకి చెప్పులు కుట్టేవాళ్ల పంచ్‌లో చిన్న సైజు సరిపోతుంది. కొన్ని కిట్లు రెక్కల మీద, తోక మీద తెల్ల పట్టీలు కూడా ఇస్తాయి. అవి తర్వాత వచ్చినవి, మీ విమానానికి అతకవు.

ప్రశ్న: పాత డెకాల్ షీటు పసుపెక్కింది. పారేయాలా? – ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: జిప్ కవర్లో పెట్టి, బొమ్మ వైపు బయటికి ఉండేలా కిటికీ అద్దానికి అంటించండి. మన ఎండకి వారం, పది రోజుల్లో చాలావరకు తెల్లబడుతుంది. వాడేముందు అక్కర్లేని ముక్కొకటి నీళ్లలో వేసి చూడండి. ముక్కలైతే షీటంతటికీ క్లియర్ లాకర్ ఒక కోటు వేయాలి. అప్పుడు ఒక్కో బొమ్మనీ అంచు వెంబడి కత్తిరించుకోవడం మర్చిపోకండి, ఆ లాకర్ షీటు మొత్తాన్నీ ఒకే పొరగా కలిపేస్తుంది.