కొత్త ట్యాంకు నీళ్లు: పరీక్ష ఎలా చెయ్యాలంటే

పర్లాకిమిడి

చిరంజీవి లావణ్యకు మామయ్య ఆశీస్సులు.

ట్యాంకు పెట్టి నాలుగు రోజులైంది, నీళ్లు తేటగా ఉన్నాయి, ఇక చేపల్ని తెచ్చేయొచ్చా అని అడిగావు. ఇంకా ఆగు తల్లీ. అమ్మోనియాకీ నైట్రైట్‌కీ రంగు ఉండదు. తేట నీళ్లలోనూ అవి చేపను చంపే మోతాదులో ఉండొచ్చు. చేప వేసే విసర్జన, తినకుండా మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతాయి. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండూ నీళ్లలో కాదు, ఫిల్టర్ స్పాంజిలోనూ అడుగున గులకరాళ్ల మీదా కాపురం పెడతాయి. అవి నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ముందు కుళాయి నీళ్లను విడిగా పరీక్షించు. మీ రాయగడలో మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది. నాగావళి బురదగా పారే రోజుల్లో బ్లీచింగ్ వాసన ఎక్కువగా వస్తే, యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యకుండా ఒక్క మగ్గు కూడా పొయ్యకు. క్లోరిన్ చేపల మొప్పల్ని కాలుస్తుంది, బ్యాక్టీరియానూ చంపుతుంది. బోరు నీళ్లయితే క్లోరిన్ గొడవ లేదు గానీ, భూమిలోంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ వల్ల తోడిన వెంటనే పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం ఎంతో చెప్పే అంకె) తక్కువ చూపిస్తుంది. ఒక బకెట్లో పట్టి ఎయిర్ పంపు పెట్టి, 24 గంటల తర్వాత చూసిన అంకే అసలుది.

నీళ్లు పరీక్షించే కిట్ విషయంలో, ముంచితే రంగు మారే స్ట్రిప్పుల జోలికి పోకు. చాలా స్ట్రిప్పుల్లో అమ్మోనియా గడే ఉండదు, మన వానాకాలపు చెమ్మకు అవి త్వరగా పాడవుతాయి. చుక్కల కిట్ కొను, సీసా మీద గడువు తేదీ చూసి మరీ కొను. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ నాలుగూ ఉండాలి. కేహెచ్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే కార్బొనేట్ల కొలత) కిట్ విడిగా అమ్ముతారు, అది కూడా తీసుకో.

ఏపీఐ అనే కంపెనీ కిట్ లెక్క చెప్తున్నా, వేరేదైతే అందులో కాగితం చూడు. గాజు గొట్టాన్ని ట్యాంకు నీళ్లతోనే రెండుసార్లు కడిగి, 5 మిల్లీలీటర్ల గీత వరకు నింపు. అమ్మోనియాకు మొదటి సీసాలోంచి 8 చుక్కలు, రెండో దాంట్లోంచి 8. సీసాను నిట్టనిలువుగా తలకిందులుగా పట్టుకో, వాలుగా పట్టుకుంటే చుక్క సైజు మారిపోతుంది. మూత పెట్టి 5 సెకన్లు ఊపి, 5 నిమిషాలు ఆగి, తెల్లకాగితం ముందు పగటి వెలుతురులో రంగు చూడు. పసుపు అయితే సున్నా, పచ్చదనం పెరిగే కొద్దీ అమ్మోనియా ఎక్కువ. 0.25 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దగ్గర సందేహం వస్తే, తాగే వాటర్ టిన్ నీళ్లతో అదే పరీక్ష చేసి పక్కన పెట్టు. రెండూ ఒకే రంగులో ఉంటే నీది సున్నాయే. మూతకు బదులు వేలు పెట్టి ఊపకు. నైట్రేట్ రెండో సీసాలో మందు అడుగున పేరుకుంటుంది, 30 సెకన్లు గట్టిగా ఊపకపోతే ఉన్న నైట్రేట్ కూడా లేనట్టే చూపిస్తుంది.

చేపలు లేకుండానే బ్యాక్టీరియాను పెంచడం మేలు. కెమికల్ షాపులో దొరికే స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్ 3 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించు. నీది రెండడుగుల ట్యాంకు, గులకరాళ్లు పోను సుమారు 45 లీటర్లు పడుతుంది. ఆ ద్రావణం 10 మిల్లీలీటర్లు పోస్తే అమ్మోనియా 2 పీపీఎం దగ్గరికి వస్తుంది. పాత్రలకు కళాయి వేసే నవాసారం కూడా ఇదే పదార్థం గానీ, మలినాలుంటాయి, అది వద్దు. రోజు విడిచి రోజు ఒకే వేళకు పరీక్షించి క్యాలెండర్లో రాసుకో. ముందు అమ్మోనియా దిగుతుంది, నైట్రైట్ ఎక్కుతుంది. తర్వాత నైట్రైట్ దిగి నైట్రేట్ కనిపిస్తుంది. అమ్మోనియా సున్నాకు వచ్చాకే మళ్లీ పొయ్యి. పోసిన 2 పీపీఎం ఒక్క రోజులో మాయమై, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే ట్యాంకు సిద్ధమైనట్టు. మధ్యలో నీళ్లు పాలలా మసకబారితే కంగారుపడి మొత్తం పారబొయ్యకు, అదే సర్దుకుంటుంది.

అన్నిటికన్నా జాగ్రత్త పీహెచ్ దగ్గర. అమ్మోనియా అంకె అదే ఉన్నా, పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అందులో విషపు భాగం దాదాపు తొమ్మిది రెట్లవుతుంది. బ్యాక్టీరియా పనిచేస్తున్న కొద్దీ నీళ్లలో కేహెచ్ ఖర్చవుతుంది. కేహెచ్ 3 డిగ్రీల కన్నా కిందికి పడిపోతే పీహెచ్ జారుతుంది, 6.5 కిందికి పోతే బ్యాక్టీరియా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. అప్పుడు బోరు నీళ్లతో ఒక్కసారి సగం మార్చావంటే, పీహెచ్ పైకెగిరి అంతదాకా ఊరుకున్న అమ్మోనియా చేపల మీద పడుతుంది. అలాంటప్పుడు రోజుకు నాలుగైదు లీటర్లే మార్చు. గుప్పెడు ఆల్చిప్పల ముక్కలు ఉడకబెట్టి, గుడ్డ సంచిలో కట్టి ఫిల్టర్ దగ్గర పెడితే కేహెచ్ మెల్లగా లేస్తుంది. ఆర్వో నీళ్లు మాత్రమే పోసే ట్యాంకుల్లో ఈ ఇబ్బంది ఎక్కువ.

విజయనగరం నుంచి రైల్లో తెచ్చే చేపలకూ ఇదే సూత్రం. కవరు విప్పకుండా 20 నిమిషాలు ట్యాంకులో తేలనిచ్చి, విప్పిన వెంటనే వలతో చేపల్ని మాత్రం వెయ్యి. విప్పిన కవర్లో కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, ప్రయాణంలో పేరుకున్న అమ్మోనియా విషమవుతుంది. ఆ నీళ్లు ట్యాంకులో పడకూడదు. మొదట నాలుగు జీబ్రా డేనియోలో గప్పీలో చాలు. గోల్డ్ ఫిష్ వద్దు, రెండడుగుల ట్యాంకుకు దాని మురికి చాలా ఎక్కువ.

చేపలు వేశాక వారం పాటు రోజూ చూడు. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ 0.25 ఉంటే మేత తగ్గించి పావు వంతు నీళ్లు మార్చు, 0.5 దాటితే సగం. నైట్రైట్ వల్ల చేప ఊపిరాడక పైకొచ్చి నోరు తెరుస్తుంటే పది లీటర్లకు ఒక గ్రాము చొప్పున రాళ్ల ఉప్పు కరిగించి పొయ్యి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోకి పోనివ్వదు. నైట్రేట్ 40 దాటకుండా చూసుకుంటే చాలు.

తుఫాను రోజుల్లో గంటల తరబడి కరెంటు పోతే ఫిల్టర్ మళ్లీ వేసే ముందు స్పాంజిని ట్యాంకు నీళ్లలోనే పిండు, కుళాయి కింద కాదు. ఆ రాత్రికీ మర్నాటికీ అమ్మోనియా చూడు. నైట్రైట్ మొదటిసారి కనిపించిన రోజు ఫోన్ చేసి అంకెలు చెప్పు.

మామయ్య